గొర్రెల దొడ్డి, మంచు చిరుత: నల్లమల రైతు సందేహానికి జవాబు

ప్రశ్న: మాది నల్లమల అంచున నాగర్‌కర్నూల్ జిల్లా. 60 జీవాలున్నాయి. మా అబ్బాయి ఆర్మీలో, లదాఖ్‌లో ఉంటాడు. అక్కడ ఒకరి దొడ్డిలో మంచు చిరుత పడి ఒక్క రాత్రిలో 15 గొర్రెల్ని చంపిందట, తిన్నది మాత్రం ఒకదాన్నే. ఎందుకలా? వాళ్లు చేసే ఉపాయం మన చిరుతకు పనికొస్తుందా?

జవాబు: మీవాడు చెప్పింది నమ్మొచ్చు, లదాఖ్‌లో ఇది కొత్త కాదు. పగబట్టి చంపుతుందనుకుంటారు గానీ అదేం లేదు. కొండ మీద భరల్ అనే అడవి గొర్రెల మందపై పడితే దానికి దక్కేది ఒక్కటే, మిగతావి క్షణాల్లో మాయం. దొడ్డిలో ఎటు పోతాయి? బెదిరి దాని చుట్టూనే తిరుగుతుంటే కదిలినదాన్నల్లా గొంతు పట్టేస్తుంది. ఒక్కోసారి తెల్లారేదాకా లోపలే ఉండిపోయి జనం చేతిలో రాళ్లదెబ్బలు తిని చచ్చేది కూడా.

బరువు చూస్తే 30 నుంచి 50 కిలోలే, మన పెద్ద పొట్టేలంత. కానీ మీటరు దాకా ఉండే తోకతో తూకం చూసుకుంటూ నిట్టనిలువు బండల మీద పరిగెడుతుంది, అరికాళ్లకూ బొచ్చే. దానికి రాతి గోడ ఒక లెక్కా! అందుకే లదాఖ్‌లోని హెమిస్ నేషనల్ పార్కు చుట్టుపక్కల ఊళ్లలో గోడ పెంచడంతో ఆగకుండా దొడ్డి పైన దూలాలు వేసి చైన్‌లింక్ జాలీ పరిచారు, సందు లేని తలుపు పెట్టారు. అక్కడి రుంబక్ అనే ఊళ్లో అయితే మంచు చిరుతను చూడ్డానికొచ్చే టూరిస్టులకు ఇంట్లోనే గదులిచ్చి నాలుగు డబ్బులు సంపాదిస్తున్నారు. 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలోని 718 మంచు చిరుతల్లో 477 లదాఖ్‌వే.

మీ దగ్గరా అదే చేయండి. మన చిరుత చెట్లెక్కుతుంది కాబట్టి దొడ్డి మీదకు వంగిన కొమ్మలు ముందు కొట్టేయండి. పైన జాలీ బిగుతుగా లాగి కట్టండి, తలుపు కింద కుక్క దూరేంత సందు కూడా వదలొద్దు. పొలంలో మంద పెట్టిన రోజుల్లో కప్పు కుదరదు, అప్పుడు మనిషి, లైటు, కుక్క మూడూ ఉండాల్సిందే.

జీవం పోతే కళేబరాన్ని కదపకుండా ఫొటో తీసి, అటవీ శాఖకూ పశువైద్యుడికీ వెంటనే చెప్పండి. గొంతు మీద కోరల గాట్లుంటే చిరుత అనుకోవచ్చు, తొడలూ పొట్టా చీరేసి ఉంటే ఊరకుక్కల మీద అనుమానపడాలి. కోపంలో కళేబరానికి పురుగుమందు పూస్తే మాత్రం కేసవుతుంది, ముందు చచ్చేది మీ కుక్కే.