ఆన్‌లైన్ కోర్సు ఒక్కటీ చేస్తే టెక్సాస్‌లో గన్ లైసెన్స్ వచ్చేస్తుందా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాం. ఈ ఏడాదే గ్రీన్ కార్డు వచ్చింది. మావారు రాత్రిపూట స్టోర్ మూసి డబ్బుతో ఇంటికి రావాలి, అందుకని గన్ లైసెన్స్ తీసుకుందామనుకుంటున్నాం. "ఫోన్‌లోనే కోర్సు, అరగంటలో సర్టిఫికెట్, 30 రాష్ట్రాల్లో చెల్లుతుంది" అని ప్రకటనలు వస్తున్నాయి. నమ్మొచ్చా? కాల్పులు నేర్పే షూటింగ్ రేంజ్‌కి వెళ్ళక తప్పదా? మా తమ్ముడు ఎఫ్-1 మీద చదువుకుంటున్నాడు. తను కూడా మాతోపాటు చెయ్యొచ్చా?

జవాబు:

మీ తమ్ముడి సంగతి ముందు చెప్తానండీ. మిగతా విషయాల్లో పొరపాటు చేస్తే డబ్బో టైమో పోతుంది. ఇందులో మాత్రం ఆ అబ్బాయి చదువు, భవిష్యత్తు రెండూ పోతాయి.

ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, విజిటర్ వీసా, ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ వీసాలే. వీటి మీద ఉన్నవాళ్ళ దగ్గర గన్ గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం, సెక్షన్ 922(జి), చెప్తుంది. 2022 నుంచి దీనికి శిక్ష 15 ఏళ్ళ దాకా ఉంది. "కొనుక్కోవట్లేదు కదా, రేంజ్‌లో అద్దెకి తీసుకుని నాలుగు రౌండ్లు కాలుస్తాం" అని మన స్టూడెంట్స్ చాలామంది అనుకుంటారు. అద్దెకి తీసుకుని చేత్తో పట్టుకున్నా అది దగ్గర ఉన్నట్టే. 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన రెహైఫ్ కేసు అలాగే మొదలైంది. స్టూడెంట్ వీసా మీద వచ్చిన కుర్రాడు, మార్కులు తగ్గి యూనివర్సిటీ తీసేసింది, స్టేటస్ పోయింది, ఆ తర్వాత రేంజ్‌కి వెళ్ళి రెండు గన్‌లు కాల్చాడు. కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. తన స్టేటస్ ఏంటో అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చెయ్యాలని కోర్టు చెప్పింది. అంతేగానీ రేంజ్‌లో కాల్చడం తప్పు కాదని చెప్పలేదు. వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకి చట్టంలో ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా దాన్ని నమ్ముకుని వెళ్ళొద్దు. ఆన్‌లైన్‌లో చట్టం పాఠాలు వింటే తప్పేం లేదు, వినమనండి. రేంజ్‌కి మాత్రం తీసుకెళ్ళకండి, ఫొటో కోసమైనా సరే చేతికివ్వకండి.

మీకు, మీవారికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఈ అడ్డం లేదు. అయినా ఒకటి గుర్తుంచుకోండి. గన్ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళని కూడా దేశం నుంచి పంపించేయొచ్చు. పౌరులకి జరిమానాతో పోయేది కూడా మనకి అంతకంటే పెద్దదయ్యే ప్రమాదం ఉంది.

ఇక ఆ అరగంట సర్టిఫికెట్. నేను మోసపోయాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను. 2020 ఎండాకాలంలో ఇలాంటి ప్రకటనే చూసి ఒక సైట్‌లో డబ్బు కట్టాను. ఒక చిన్న వీడియో, 20 ప్రశ్నలు, అన్నీ తేలికవే. వెంటనే రంగుల సర్టిఫికెట్ వచ్చింది. తీరా చదివితే అది టెక్సాస్ లైసెన్స్‌కి పనికిరాదు, వేరే రాష్ట్రం పర్మిట్‌కి అప్లై చేసుకోవడానికి! డబ్బు వెనక్కి ఇవ్వమంటే జవాబే లేదు. అప్పట్లో వర్జీనియా ఆన్‌లైన్ కోర్సుని ఒప్పుకునేది, బయటి రాష్ట్రాల వాళ్ళు కూడా ఆ దారిన పర్మిట్ తెచ్చుకునేవాళ్ళు. 2021 జనవరి 1 నుంచి వర్జీనియా దాన్ని ఆపేసింది, ఇప్పుడు మనిషి ఎదురుగా నేర్చుకోవాల్సిందే. ఇలాంటి ప్రకటనల్లో "30 రాష్ట్రాలు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఏ రాష్ట్రం పర్మిట్, ఎవరికి, అన్నది ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

టెక్సాస్‌లో అసలు పద్ధతి వేరు. 2019 సెప్టెంబర్ నుంచి క్లాస్‌రూమ్ భాగం ఆన్‌లైన్‌లో చెయ్యొచ్చు. అయితే ఆ కోర్సు చెప్పేవాళ్ళకి డీపీఎస్, అంటే టెక్సాస్ పబ్లిక్ సేఫ్టీ డిపార్ట్‌మెంట్, ఆమోదం ఉండాలి. పాఠం నాలుగు గంటలకి తగ్గకూడదు, ఆరు గంటలు దాటకూడదు. కాబట్టి అరగంట అన్నారంటే అది టెక్సాస్ కోర్సు కాదు. అది పాసయ్యాక రేంజ్‌లో ఇన్‌స్ట్రక్టర్ దగ్గర గంట నుంచి రెండు గంటలు నేర్చుకుని, కాల్చి చూపించాలి. ఆ తర్వాత వేలిముద్రలు, 40 డాలర్ల ఫీజు, అప్లికేషన్. మొదటిసారి ఇచ్చే లైసెన్స్ నాలుగేళ్ళు ఉంటుంది. మీరు డబ్బు కట్టేముందు ఆ కోర్సు పేరు డీపీఎస్ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉందో లేదో చూసుకోండి చాలు.

నేను రెండోసారి సరైన కోర్సే చేశాను. పిల్లలు పడుకున్నాక డైనింగ్ టేబుల్ దగ్గర మూడు రాత్రులు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ పాఠాలు బాగున్నాయి. ఎప్పుడు బలప్రయోగం చెయ్యొచ్చు, గొడవని మాటలతో ఎలా చల్లార్చాలి, పిల్లలున్న ఇంట్లో గన్ ఎలా దాచాలి, అన్నీ మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి వినొచ్చు. క్లాస్‌లో అయితే ఇంగ్లీష్ వేగానికి నాకు సగం తప్పిపోయేది. పరీక్షలో ఒక్కటే తప్పు పోయింది. నాకు వచ్చేసిందనుకున్నాను.

రేంజ్‌కి వెళ్ళిన రోజు ఏమైందంటే, పదో పన్నెండో రౌండ్లు కాల్చాక పిస్టల్ ఆగిపోయింది. ఖాళీ షెల్ స్లైడ్‌లో, అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగంలో, ఇరుక్కుంది. చెవులకి మఫ్స్, పక్క లేన్ శబ్దాలు, టెన్షన్. "సర్, ఇది ఆగిపోయింది" అంటూ పిస్టల్ చేతిలో ఉండగానే ఇన్‌స్ట్రక్టర్ వైపు తిరిగాను. ఆ పెద్దాయన మాట్లాడకుండా నా మణికట్టు గట్టిగా పట్టుకుని చేతిని టార్గెట్ వైపు తిప్పేశారు. ఇంకో అరక్షణం ఆగితే పిస్టల్ మూతి పక్క లేన్‌లో నిలబడ్డ మనిషి పొట్ట మీదుగా వెళ్ళేది. మూతి ఎప్పుడూ సురక్షితమైన వైపే ఉండాలన్న ప్రశ్నకి రెండు రోజుల క్రితమే నేను కరెక్ట్ జవాబు పెట్టాను. బుర్రకి తెలిసింది చేతికి తెలియలేదు. ఆయన కోప్పడలేదు. పిస్టల్ ముందుకి పెట్టి ఉంచి, ఎడమ చెయ్యి పైకెత్తి, తల మాత్రం తిప్పి పిలవమని పదిసార్లు చేయించారు. ఇప్పటికీ రేంజ్‌లో ఏదైనా ఇరుక్కుంటే నా ఎడమ చెయ్యి దానంతట అదే లేస్తుంది.

తర్వాత ఇంకొకటి చేశారు. నేను చూడకుండా మ్యాగజైన్‌లో, అంటే పిస్టల్‌లో తూటాలు నింపే డబ్బాలో, అసలు తూటాల మధ్య రెండు పేలని డమ్మీలు కలిపారు. కాలుస్తూ పోతుంటే డమ్మీ వచ్చినప్పుడు టిక్ అని చప్పుడు తప్ప ఏం లేదు. కానీ పిస్టల్ మూతి అంగుళం కిందికి దిగింది! అంటే పేలుతుందన్న భయంతో ట్రిగ్గర్ నొక్కేముందే నా చెయ్యి కిందికి తోస్తోందన్నమాట. నా తూటాలన్నీ టార్గెట్‌లో కిందికి ఎందుకు పడుతున్నాయో అప్పుడు అర్థమైంది. ఇది ఏ వీడియో చూపించలేదు, ఎందుకంటే వీడియోకి నా చెయ్యి కనిపించదు కదా.

పరీక్ష కష్టమేం కాదు, భయపడకండి. 50 రౌండ్లు: మూడు గజాల నుంచి 20, ఏడు గజాల నుంచి 20, పదిహేను గజాల నుంచి 10. మొత్తం 250 పాయింట్లకి 175 వస్తే పాస్. నేను రెండో వారం మళ్ళీ వెళ్ళి, ఇంకో రెండు గంటలు నేర్చుకున్నాకే పరీక్షకి నిలబడ్డాను. మొదటిరోజే ఇచ్చినా పాసయ్యేదాన్నేమో, కానీ ఆ చేతితో లైసెన్స్ తీసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. మీవారిని కూడా ముందు ఒక గంట ఒక్కరే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకోమనండి. గ్రూప్‌లో పదిమందితో కలిసి వెళ్తే ఎవరి చెయ్యీ ఎవరూ చూడరు.

"అసలు టెక్సాస్‌లో లైసెన్సే అక్కర్లేదట కదా" అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం గన్ ఉంచుకోగలిగినవాళ్ళు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకు తిరగొచ్చు, నిజమే. అయినా తీసుకోమనే అంటాను. స్కూల్ చుట్టూ వెయ్యి అడుగుల లోపల గన్‌తో ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది, రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి అందులో మినహాయింపు ఉంది. పిల్లల్ని స్కూల్లో దింపే మనకి అది చిన్న విషయం కాదు. రెండోది ప్రయాణాలు. టెక్సాస్ లైసెన్స్‌ని చాలా రాష్ట్రాలు గుర్తిస్తాయి. కానీ న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా, ఇల్లినాయ్ గుర్తించవు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో చుట్టాలింటికి కారులో వెళ్తూ గ్లవ్ బాక్స్‌లో పిస్టల్ మర్చిపోతే అక్కడ నేరమే. ఆ రాష్ట్రాల్లో ఉండేవాళ్ళకి శిక్షణ కూడా ఎక్కువ: న్యూయార్క్‌లో 2022 నుంచి 16 గంటల క్లాసు, రెండు గంటల కాల్పులు, రెండూ నేరుగా వెళ్ళి చెయ్యాల్సిందే.

గన్ లోపలికి తేవొద్దని గోడలకి పెట్టే బోర్డులు చదవడం కూడా ఆన్‌లైన్ పాఠంలోనే నేర్చుకున్నాను. 30.06 అని ఉంటే లైసెన్స్ ఉన్నా దాచి తీసుకెళ్ళకూడదు, 30.07 ఉంటే బయటికి కనిపించేలా పెట్టుకుని వెళ్ళకూడదు. ఇంగ్లీష్, స్పానిష్ రెండింట్లో ఉంటాయి. మేం వెళ్ళే గుడిలో చెప్పులు విడిచేచోట గోడకి 30.06 బోర్డు ఉంది. ఎన్నో ఏళ్ళు దాని పక్కనే చెప్పులు విడిచాను, కోర్సు చేశాకే అదేంటో తెలిసింది.

మీవారి స్టోర్ విషయంలో నాకు నిజంగా దిగులుగా ఉంది, అందుకే ఇంత రాస్తున్నాను. మా మరిదికీ స్టోర్ ఉంది. టెక్సాస్‌లో డబ్బు దోచుకుపోతుంటే కాల్చొచ్చని మనవాళ్ళు పార్టీల్లో తేలిగ్గా అనేస్తారు. దానికి సంబంధించిన చట్టం సెక్షన్‌లో చాలా షరతులున్నాయి, అవన్నీ కుదిరాయో లేదో తేల్చేది తర్వాత పోలీసులు, గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలో వద్దో తేల్చే పౌరుల బృందం). డబ్బు అడిగితే ఇచ్చేయమనండి. మా మరిది కౌంటర్ కింద డ్రాప్ సేఫ్, అంటే తెరవకుండానే సందులోంచి డబ్బు లోపలికి వేసే సేఫ్, పెట్టించి, గల్లాలో కొద్ది డబ్బే ఉంచుతాడు. రాత్రిపూట డబ్బు ఇంటికి తేవడం పూర్తిగా మానేసి పగలే బ్యాంక్‌లో వేస్తున్నాడు. గన్ కంటే ముందు మీరు కూడా ఈ మార్పు చెయ్యండి.

ఇంట్లో పిల్లలుంటే గన్ కంటే ముందు సేఫ్ కొనండి. లోడ్ చేసిన గన్ అజాగ్రత్తగా వదిలేసి, అది 17 ఏళ్ళ లోపు పిల్లలకి అందితే టెక్సాస్‌లో నేరం. నేను మొదట హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుందామనుకున్నాను. "మీ అమ్మాయి చాక్లెట్ కోసం ఎవరి బ్యాగ్ వెతుకుతుంది?" అని ఇన్‌స్ట్రక్టర్ అడిగారు. ఆ ఆలోచన అక్కడితో ఆపేశాను. అత్తమామలు విజిటర్ వీసా మీద ఆరు నెలలు వచ్చి ఉంటారు, వాళ్ళకి సేఫ్ నంబర్ చెప్పకండి, మొదట్లో చెప్పిన చట్టం వాళ్ళకీ వర్తిస్తుంది.

రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాగ్‌ని ఇండియా ప్రయాణానికి వాడొద్దు. జిప్ మూలలో ఒక్క తూటా ఉండిపోయినా శంషాబాద్‌లో అయినా ఢిల్లీలో అయినా ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు పెడతారు, ఆ తర్వాత లాయర్ల చుట్టూ తిరగాలి.

మీరు కూడా వెళ్తే మెడ దాకా మూసుకుండే టీషర్ట్ వేసుకోండి, కుర్తీ వద్దు. ఖాళీ షెల్స్ కాలుతూ ఎగిరి మెడలోంచి లోపల పడతాయి, ఆ మంటకి గన్ పట్టుకునే గెంతుతాం. మూసిన బూట్లు, టోపీ, పరీక్షకి కావాల్సిన 50 కాక ఇంకో 50 రౌండ్లు పట్టుకెళ్ళండి. తూటాల్లో సీసం ఉంటుంది, కాబట్టి అక్కడ ఏమీ తినకండి. ఇంటికి రాగానే చేతులు, మొహం సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి.