మొదట వెనక లైటు కొనండి

నెలకు రెండు మూడుసార్లే రాత్రి సైకిల్ తొక్కుతాను, దాన్ని బయట పెట్టాల్సి వస్తుంది, తీసి జేబులో వేసుకునేలా తక్కువ ధరలో ఏ లైటు మంచిదని ఒకరు అడిగారు. కంపెనీ పేరు చెప్పను. మొదట వెనక లైటు కొనండి, ముందు లైటు సంగతి తర్వాత.

నేను దీనికి పూర్తిగా రివర్స్‌లో చేశాను. ఆన్‌లైన్‌లో 350 రూపాయలకు ముందు లైటు కొన్నాను. డబ్బా మీద వెలుగు 1200 ల్యూమెన్లని రాసుంది. ఆ ధరకు అంత వెలుగు రాదని ఎవరికైనా తెలుస్తుంది, నాకు తెలియలేదు. దానికి ప్లాస్టిక్ క్లిప్పు. డిసెంబరులో ఒక రాత్రి తెనాలిలో మేనత్త ఇంట్లో భోంచేసి, కాలవ పక్క రోడ్డున దుగ్గిరాల వైపు వస్తున్నాను. చక్రం గతుకులో పడగానే క్లిప్పు ఊడింది. లైటు వెలుగుతూనే గట్టు మీద దొర్లి కాలవలో పడింది. నీళ్ళలో కూడా కాసేపు వెలిగింది, అబద్ధమెందుకు. దాన్ని చూస్తూ రోడ్డు మధ్యలోనే నిలబడిపోయాను. వెనక ఉన్న రిఫ్లెక్టరుకు ఎప్పుడో మట్టి పట్టేసింది. ఇంతలో ఓ బైకు కీచుమని బ్రేకేసి జానెడు దూరంలో ఆగింది. వెనక కూర్చున్నామె చేతిలోని అరటిపళ్ళన్నీ రోడ్డు పాలు.

"ఏందయ్యా, చావటానికి నా బండే దొరికిందా?" అన్నాడాయన. నేనేం మాట్లాడలేదు. సెల్‌ఫోన్ వెలుగులో పళ్ళు ఏరిచ్చాను.

అప్పట్నుంచి సాగే రబ్బరు పట్టీ ఉన్న లైట్లే వాడుతున్నాను. చుట్టి కొక్కేనికి తగిలించడమే, క్షణంలో తీసెయ్యొచ్చు. వెనకదానికి 300 రూపాయలు చాలు. సీటు కింద సంచీ వేలాడదీస్తే మాత్రం కనపడదు. వీధి దీపాలున్న చోట ముందుకు చిన్నదైనా సరిపోతుంది. చీకటి కట్టల మీదైతే 300 ల్యూమెన్లుండాలి, డబ్బా మీదివి కాదు, నిజంవి. కాస్త కిందికి వంచి పెట్టండి. అప్పుడప్పుడూ తొక్కేవాళ్ళకు అసలు తంటా బ్యాటరీతోనే. నెలల తరబడి ఖాళీగా వదిలేస్తే చస్తుంది. సగమైనా చార్జి చేసి దాచండి.

మా నాన్న సైకిల్‌కి డైనమో ఉండేది. టైరుకు రాసుకుంటూ గుర్రుమనేది, తొక్కితే వెలుగు, ఆగితే చీకటి. లైటు లేకపోతే పోలీసులు చక్రాల్లో గాలి తీసేసేవాళ్ళట. ఇప్పుడు వెనక ఎర్ర లైటన్నదే లేకుండా ఇంటెత్తు గడ్డి వేసుకుని ట్రాక్టర్లు పోతున్నా అడిగే నాథుడు లేడు. ఇక ఎదురొచ్చే బైకుల హైబీమ్‌కి కళ్ళు పోతున్నాయి. నేనైతే డిమ్ చెయ్యమని నా లైటుకు అరచెయ్యి అడ్డం పెట్టి తీసి చూపిస్తాను. పదిమందిలో ఒకరిద్దరు డిమ్ చేస్తారు. మిగతావాళ్ళు హారన్ కొడతారు.