టెక్ సందేహాలు: ‘సెన్సార్ ఫెయిల్’ అంటే ఏది ఫెయిల్?

ప్రశ్న: మాది పలాస. నాన్నగారిది జీడిపప్పు వ్యాపారం. గోడౌన్‌లో తేమ చూసుకోవడానికి ఎస్‌హెచ్‌టీ31 సెన్సార్, బ్లూ పిల్ అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు పెట్టి రస్ట్ భాషలో ప్రోగ్రామ్ రాశాను. సెన్సార్‌తో మాట్లాడే డ్రైవర్ కూడా నేనే రాశాను. ఏ తేడా వచ్చినా స్క్రీన్ మీద ‘సెన్సార్ ఫెయిల్’ అనే వస్తోంది. అదే డ్రైవర్‌ని పికో అనే ఇంకో బోర్డు మీదికి తెస్తే ఎర్రర్ టైప్ కలవక కంపైల్ కావడం లేదు. ఎర్రర్ టైప్ ఎలా రాసుకోవాలి?
– బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థి

జవాబు: కొన్నేళ్ల కిందట సోంపేట వైపు తెలిసినవాళ్ల కోళ్లఫారానికి ఇలాంటిదే చేసిపెట్టాను. ‘ఫెయిల్’ అని ఫోన్ వస్తే శ్రీకాకుళం నుంచి బస్సెక్కి వెళ్లి సెన్సార్ మార్చి వచ్చాను. వారం తిరక్కుండా మళ్లీ అదే ఫోన్. రెండోసారి చూస్తే సెన్సార్‌కేమీ కాలేదు, ఉప్పుగాలికి కనెక్టర్ పిన్ను పచ్చగా చిలుము పట్టింది. అవతల నుంచి జవాబు రావడం లేదన్న సంగతి చిప్‌కి మొదటిరోజే తెలుసు. నేను రాసిన డ్రైవర్ ఆ సంగతిని మధ్యలోనే పారేసింది. అందుకే మీ ప్రశ్న చూడగానే దీనికి కాస్త వివరంగా రాయాలనిపించింది.

ఎర్రర్ టైప్‌లో వేరియంట్లు (ఒక్కో రకం తప్పుకి ఒక్కో పేరు) ఎన్ని పెట్టాలన్నది తేల్చుకోవడానికి నేను వాడే కొలత ఒకటే: ఈ తప్పు వస్తే డ్రైవర్‌ని పిలిచిన కోడ్ వేరే పని చేస్తుందా? చేస్తే దానికి వేరియంట్ ఉండాలి. చేయకపోతే పక్కదానితో కలిపేయండి.

మీ సెన్సార్‌నే తీసుకోండి. కొలవమని ఆదేశం పంపాక ఎక్కువ కచ్చితత్వం మోడ్‌లో దానికి సుమారు 15 మిల్లీసెకన్లు కావాలి. క్లాక్ స్ట్రెచింగ్ (సిద్ధమయ్యేదాకా సెన్సార్ క్లాక్ తీగని ఆపి ఉంచడం) వాడకుండా ఈలోపే చదవబోతే అది నాక్ ఇస్తుంది, అంటే ‘నేను విన్నాను’ అని చెప్పదు. తీగ ఊడిపోయినా కనిపించేది ఇదే నాక్. బస్సు మీద, అంటే సెన్సార్‌నీ చిప్‌నీ కలిపే ఐ2సీ తీగల మీద, రెండూ ఒకేలా ఉంటాయి, అర్థాలు మాత్రం వేరు. ఆదేశం రాసేటప్పుడే నాక్ వచ్చిందంటే సెన్సార్ లైన్లో లేదు, మనిషి వెళ్లి తీగ చూడాలి. రాయడం సాఫీగా అయ్యి, చదివేటప్పుడు వచ్చిందంటే ఇంకా సిద్ధం కాలేదు, రెండు మిల్లీసెకన్లు ఆగి మళ్లీ అడిగితే చాలు. ఈ తేడా డ్రైవర్ ఒక్కదానికే తెలుస్తుంది. కాబట్టి అక్కడే చెప్పాలి. రస్ట్‌లోని ప్రశ్న గుర్తు (?) పెట్టి ఎర్రర్‌ని అలాగే పైకి పంపేస్తే రెండూ ఒకే డబ్బాలో పడతాయి. చదివే చోట మ్యాప్‌ఎర్ (ఎర్రర్‌ని మార్చే ఫంక్షన్) రాసి, నాక్‌ని ‘నాట్‌రెడీ’గా మార్చి పంపండి.

మూడోది సీఆర్‌సీ, అంటే డేటా దారిలో చెడిందో లేదో తేల్చే చెక్ బైటు. సెన్సార్ ఆరు బైట్లు పంపుతుంది: ఉష్ణోగ్రతకి రెండు, దాని సీఆర్‌సీ ఒకటి, తేమకి రెండు, దాని సీఆర్‌సీ ఒకటి. లెక్క కుదరకపోతే ఆ రీడింగ్ వదిలేసి మళ్లీ కొలవాలి. ఈ వేరియంట్‌లో వచ్చిన బైటు, మనం లెక్కగట్టిన బైటు రెండూ దాచుకోండి. రెండు బైట్ల ఖర్చుతో చాలా తెలుస్తుంది. ప్రతిసారీ తప్పుతుంటే ముందు మీ లెక్కనే అనుమానించండి. హెక్స్‌లో బీఈ, ఈఎఫ్ అన్న బైట్లకి 92 రావాలని డేటాషీట్‌లోనే ఉదాహరణ ఉంది. ఎప్పుడో ఒకసారి తప్పుతుంటే తీగ పొడవు, తీగలని పైకి లాగి ఉంచే పుల్‌అప్ రెసిస్టర్లు చూడండి.

ఇక బోర్డు మారిస్తే కంపైల్ కాకపోవడం. మీ డ్రైవర్‌లో బ్లూ పిల్ హాల్ క్రేట్ (ఆ బోర్డు హార్డ్‌వేర్‌ని నడిపే లైబ్రరీ) ఎర్రర్ పేరు నేరుగా రాసి ఉంటారు. దాని స్థానంలో ఒక జెనెరిక్ పరామితి (ఏ బోర్డు ఎర్రర్ టైప్ అయినా పట్టే ఖాళీ) పెట్టండి. అప్పుడు మీ ఈనమ్‌లో (వేరియంట్ల జాబితాలో) మూడే ఉంటాయి: లోపల అసలు బస్సు ఎర్రర్‌ని మోసే ‘ఐ2సీ’, ‘సీఆర్‌సీ’, ‘నాట్‌రెడీ’. బస్సు ఎర్రర్‌ని చెక్కుచెదరకుండా లోపల ఉంచడం ముఖ్యం. 2024 జనవరిలో వచ్చిన ఎంబెడెడ్-హాల్ 1.0 (బోర్డులన్నిటికీ ఉమ్మడి నిబంధనలు పెట్టే రస్ట్ లైబ్రరీ) ఇక్కడే మేలు చేసింది. పాత 0.2లో ఒక్కో బోర్డు ఎర్రర్ ఒక్కో తీరు, డ్రైవర్‌కి లోపల ఏముందో చూసే దారి లేదు. 1.0లో ప్రతి ఐ2సీ ఎర్రర్ ‘కైండ్’ అన్న ఫంక్షన్ ఇచ్చి తీరాలి. అది బస్సు తప్పా, ఆర్బిట్రేషన్ పోయిందా (బస్సు ఇంకో పరికరం చేతికి వెళ్లిందా), నాక్ వచ్చిందా, ఓవర్‌రన్ (డేటా తీసుకునేలోపే ఇంకోటి వచ్చిపడటం) అయిందా, ఇంకేమైనానా అన్నది చెబుతుంది. నాక్ అయితే అడ్రస్ దగ్గరా, డేటా దగ్గరా, తెలియదా అన్నది కూడా ఉంటుంది. ఆ ‘తెలియదు’ని చిన్నచూపు చూడకండి. కొన్ని చిప్‌లు తేడా చెప్పలేవు, కాబట్టి చదివేటప్పుడు ‘అడ్రస్’, ‘తెలియదు’ రెండింటినీ నాట్‌రెడీగానే తీసుకోండి. ఇలా మళ్లీ మళ్లీ అడగడానికి మొత్తం 20 మిల్లీసెకన్ల గడువు పెట్టి, అది దాటితే అసలు ఎర్రర్‌నే పంపండి.

బస్సు తప్పు వస్తే పని ఇంకోటి. చదువుతుండగా బోర్డు రీసెట్ అయితే సెన్సార్ డేటా తీగని కిందికి లాగి పట్టుకుని ఉండిపోవచ్చు. క్లాక్ తీగ మీద తొమ్మిది పల్స్‌లు ఇస్తే వదిలేస్తుంది. ఆ పని డ్రైవర్‌ది కాదు, బస్సు ఎవరి చేతిలో ఉందో వాళ్లది. అందుకే ఎర్రర్ చెక్కుచెదరకుండా పైకి రావాలన్నాను.

ఎర్రర్ లోపల వాక్యాలు దాచకండి. మీ చిప్‌లో ర్యామ్ 20 కేబీ. ‘తీగ చూడండి’ అన్న తెలుగు ముక్క స్క్రీన్ కోడ్‌లో ఉంటే చాలు. రాత్రిపూట గోడౌన్‌లో ఉండేవాళ్లకి అర్థమయ్యే మాట అక్కడే రాయండి. ఆ మాటల కోసం కాస్త టైమ్ పెట్టినా నష్టం లేదు.

ప్రశ్న: ఎల్‌ఈడీ వెలిగించడానికి కూడా రిజల్ట్ (అయిందో తప్పిందో చెప్పే టైప్) వస్తోంది. ప్రతిచోటా అన్‌ర్యాప్ (తప్పయితే ప్రోగ్రామ్‌ని ఆపేసేది) రాయాలా? – విజయనగరం పాఠకుడు

జవాబు: చిప్ సొంత పిన్నుకి తప్పు జరిగే వీలు లేదు, దాని ఎర్రర్ టైప్ సాధారణంగా ‘ఇన్‌ఫాలిబుల్’, అంటే తప్పే రాదని. కానీ అదే ట్రైట్ (పిన్నులన్నీ పాటించే ఉమ్మడి ఒప్పందం) వెనక ఐ2సీ మీద నడిచే పిన్నుల సంఖ్య పెంచే ఎక్స్‌పాండర్ చిప్ కూడా ఉండొచ్చు, దానికి తప్పులు వస్తాయి. అందుకే రిజల్ట్ పెట్టారు. రస్ట్ 1.82 నుంచి ఇన్‌ఫాలిబుల్ అయితే ‘లెట్ ఓకే’ అని నేరుగా రాయవచ్చు. రేపు ఎక్స్‌పాండర్‌కి మారితే ఆ లైను దగ్గర కంపైలరే ఆపి చెబుతుంది. అన్‌ర్యాప్ ఆ మేలు చేయదు.

ప్రశ్న: ప్రోగ్రామ్ ప్యానిక్ అయితే (కోలుకోలేని తప్పుతో ఆగిపోతే) హీటర్ రిలే ఆన్‌లోనే ఉండిపోయింది. చాలా టెన్షన్ పడ్డాం. – రాజాం నుంచి

జవాబు: ప్యానిక్-హాల్ట్ అనే క్రేట్ వాడి ఉంటారు. అది అక్కడే తిరుగుతూ ఉంటుంది, పిన్నులు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ముందు వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఆగిపోతే చిప్‌ని రీసెట్ చేసే టైమర్) ఆన్ చేయండి, అప్పుడు చిప్ తనంతట రీసెట్ అవుతుంది. రీసెట్‌లో పిన్ను ఇన్‌పుట్‌గా మారి ఆన్, ఆఫ్ ఏ వైపూ లేకుండా తేలుతూ ఉంటుంది కాబట్టి, రిలేని ఆఫ్ వైపుకి లాగే రెసిస్టర్ తప్పనిసరి. కొన్ని రిలే మాడ్యూళ్లు సిగ్నల్ తక్కువగా ఉంటే ఆన్ అవుతాయి, మీది ఏదో చూసుకుని పెట్టండి. ఇవి రెండూ అయ్యేదాకా హీటర్‌కి విడిగా థర్మోస్టాట్ లేకుండా రాత్రి నడపకండి.