బెంగళూరు వంకాయను ఇక్కడ ఏమని అడగాలి?

తమ్ముడూ, ఆస్ట్రేలియా వచ్చిన రెండు నెలలకే బెంగళూరు వంకాయ పాదు పెట్టాలనుకున్నావు, సంతోషం. నాకు ఆ ఆలోచన రావడానికి మూడేళ్లు పట్టింది.

ఇక్కడ దాన్ని చోకో అంటారు. అది తెలియక నేను నర్సరీకి వెళ్లి, మన పేరునే ఇంగ్లీషులో చెప్పి "బెంగళూరు బ్రింజాల్" అడిగాను. వంగ మొక్క ఇచ్చి పంపారు. నిజానికి వంకాయకూ దీనికీ చుట్టరికమే లేదు. ఇది దోస, సొర కుటుంబం. పుట్టిల్లు మెక్సికో వైపు. దీనికున్న ఇంకో పేరు చాయోటే. అదీ అక్కడి స్థానికుల నాహువాట్ల్ భాష నుంచి వచ్చిందే.

ఊరికో పేరున్న మొక్కకు శాస్త్రీయ నామం పట్టుకోవాలి. అదీ రెండుసార్లు మారింది. 1760లో జాక్విన్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని సిసియోస్ ఎడ్యులిస్ అన్నాడు. ఎడ్యులిస్ అంటే తినదగినది. 1800లో స్వీడన్ శాస్త్రవేత్త స్వార్ట్జ్ సెకియం ఎడ్యులే అని మార్చాడు. రెండు వందల ఏళ్లు అదే నడిచింది. జన్యువులు పరిశీలించాక ఇప్పుడు లండన్‌లోని వృక్షశాస్త్ర సంస్థ క్యూ గార్డెన్స్ జాబితా మళ్లీ జాక్విన్ పేరుకే వచ్చింది. పుస్తకాల్లో రెండూ కనిపిస్తాయి, కంగారుపడకు.

విత్తనం కోసం కాయ కోశావంటే నాలాగే నష్టపోతావు. కాయకు ఒకటే గింజ, అది కాయలోనే మొలుస్తుంది. నేను గింజ తీసి నాటితే కుళ్లిపోయింది. మొలక కనిపించిన కాయను కాయగానే నాటాలి. ఇంటి నుంచి తెచ్చుకుందామనుకోకు, ఇక్కడ క్వారంటైన్ నిబంధనలు గట్టివి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకో.

మరుసటి ఏడు అక్టోబరులో కాయ నాటాను. తీగ కంచెంతా అల్లుకుంది, పూత మాత్రం లేదు. ఫిబ్రవరిలో విసిగి మొత్తం పీకేశాను. ఇక్కడ కాలాలు మనకు తలకిందులు కదా, ఫిబ్రవరికి ఇంకా వేసవే. పగటి పొద్దు తగ్గి 12 గంటలకు దగ్గరపడితేగాని అది పూయదు. ఆ సంగతి కంచె అవతలి పెద్దావిడకు తెలుసు. అన్నేళ్లలో ఆమెను నేను ఒక్కసారీ పలకరించలేదు. ఆఫీసు, ఇల్లు, ఫోనులో అమ్మానాన్న, అంతే నా లోకం. శని ఆదివారాలు మనిషి గొంతు వినకుండా గడిచేవి. తీగ పీకిన రోజు ఆమే వచ్చి, ఇంకో నెల ఆగాల్సిందని చెప్పింది. ఆ సాయంత్రం ఇద్దరం చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం.

ఇప్పుడు మా కంచెకు రెండు వైపులా కాయలు వేలాడుతున్నాయి. నువ్వు ఏప్రిల్ దాకా ఆగు, తీగ జోలికి పోకు. ఈలోగా పక్కింటివాళ్ల తలుపు తట్టి, చోకో ఎలా పెంచుతారో అడుగు. నేను చెప్పిందే చెప్పినా సరే, పూర్తిగా విను.