ఏ బైక్ అని కాదు, చివర ఎవరు అని అడగండి

"వానల్లో ఏడుగురం కలిసి కొండల్లో బురద దారుల మీద బైక్ ట్రిప్ వెయ్యాలనుకుంటున్నాం. ఏ బైక్ మంచిది?" అని అడిగారు.

బైక్ సంగతి ముందే తేల్చేస్తాను. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్లూ నేలకి ఆనాలి. పడితే ఇద్దరు కలిసి లేపగలిగేంత బరువే ఉండాలి. ముందు మడ్‌గార్డ్‌కీ టైరుకీ మధ్య బాగా ఖాళీ ఉండాలి, ఎందుకో కింద చెప్తాను. ఇంజిన్ ఎన్ని సీసీలన్నది బురదలో ఎవరికీ గుర్తుండదు. మీరు అడగాల్సింది అది కాదు. ఏడుగురిలో చివర ఎవరు నడుపుతారు? అది తేల్చుకోకుండా బయల్దేరే గ్రూపుతో నేనైతే ఇంకోసారి వెళ్లను.

మా ట్రిప్‌లోనూ ఏడు బైకులే. రెండో రోజు తెల్లవారేదాకా వాన కురిసింది. దారంతా బంకమన్ను. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎక్కే కొద్దీ మలుపులు. ముందున్నవాళ్లు చెయ్యి తిరిగినవాళ్లు, ఆగకుండా ఎక్కేశారు. నేను ఆరోవాణ్ణి. నా వెనక ఉన్నవాడు అందరికన్నా చిన్నవాడు, మట్టి దారి తొక్కడం అదే మొదటిసారి. నెమ్మదిగా వస్తాడు కదా, చివర ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు అనుకున్నాం. మేం చేసిన పెద్ద తప్పు అదే.

ఒక మలుపు తిరిగాక అద్దంలో అతని లైటు కనిపించలేదు. వస్తాడులే అనుకున్నాను. ఎక్కుడులో ఆగితే మళ్లీ కదలడం కష్టమని నా భయం. ఇంకో రెండు మలుపులు దాటాక మనసు ఒప్పుకోలేదు. బైక్ ఆపి, హెల్మెట్‌లో వస్తున్న పాటలు కట్టేసి, ఇంజిన్ కూడా ఆపాను. అప్పుడు వినిపించింది, కింద ఎక్కడో హారన్. కాసేపు కొట్టి, ఆపి, మళ్లీ కొడుతున్నాడు.

ఆ జారుడులో బైక్ వెనక్కి తిప్పే వీలు లేదు. గేర్‌లో ఉంచి, స్టాండ్ దిగబడకుండా కింద చదునైన రాయి పెట్టి పరిగెత్తాను. రెండుసార్లు పడ్డాను. వెళ్లి చూస్తే బైక్ కొండ వైపు ఒరిగిపోయి ఉంది, దాని కింద అతని కాలు. పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారుతోంది. "అన్నా, ఇందాకట్నుంచి హారన్ కొడుతూనే ఉన్నా. ఎవరికీ వినపడలేదా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ముందు ఇగ్నిషన్ కట్టేశాను. సామాను కట్టిన తాళ్లు కోసేసి బరువు తగ్గించాను. సీటుకి వెన్ను ఆనించి కిందికి కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక రాడ్డు పట్టుకుని, కాళ్ల బలంతో వెనక్కి నెట్టాను. జానెడు లేచింది. కాలు లాక్కున్నాడు. చీలమండ పైదాకా వచ్చే గట్టి బూట్లు వేసుకున్నాడు కాబట్టి వాపుతో పోయింది. మామూలు షూలైతే కచ్చితంగా ఎముక విరిగేది.

ఎందుకు పడ్డాడంటే, మడ్‌గార్డ్ లోపల బంకమన్ను కూరుకుపోయి ముందు చక్రం తిరగడం మానేసింది. తిరగని చక్రం హ్యాండిల్ ఎటు తిప్పినా వినదు, అలాగే జారిపోతుంది. పుల్లతో గీకితే మన్ను రాలేదు, బోల్టులు విప్పి మడ్‌గార్డే తీసేశాం. టైర్లలో గాలి చూస్తే రోడ్డు మీద నింపినట్టే 32 పీఎస్‌ఐ ఉంది, 22కి దించాం. గాలి తగ్గితే టైరు కాస్త పరుచుకుని నేలని పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ము కింద ట్యూబు నలిగి పంక్చర్ అవుతుంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి కాబట్టి చిన్న పంపు దగ్గరుండాలి.

ఇదంతా అయ్యేసరికి ముప్పావు గంట పట్టింది. ఒక్కరంటే ఒక్కరు వెనక్కి రాలేదు. మేం పైకి చేరేసరికి వీడియోలు చూసుకుంటూ కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ హెల్మెట్ కెమెరాలు వచ్చాక అందరికీ ముందుండాలనే తపన ఎక్కువైంది. నీళ్లు ఎగజిమ్ముతూ వాగు దాటడం తీస్తారు, దాటాక తడిసిన బ్రేకులు ఆరడానికి కాసేపు మెల్లగా నొక్కుతూ నడపాలని ఎవరూ చూపించరు. సామాను సంగతీ అంతే. వెనక గుట్టలా కట్టుకొస్తారు, ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది. బురదలో ముందు బ్రేకు ముట్టుకోవద్దనే సలహా కూడా వినకండి. దిగుడులో వెనక బ్రేకు ఒక్కటే చాలదు. మొదటి గేర్‌లోనో రెండో గేర్‌లోనో ఇంజిన్ పట్టుతో దిగుతూ, ముందు బ్రేకు ఒక వేలితో మెత్తగా నొక్కాలి. చక్రం జారినట్టనిపిస్తే వెంటనే వదిలెయ్యాలి.

ఇప్పుడు మా పద్ధతి వేరు. కొత్తవాడు రెండో స్థానంలో ఉంటాడు, దారి చూపేవాడి వెనకే. చివర బాగా అనుభవం ఉన్నవాడు, పానాలూ ప్రథమ చికిత్స పెట్టె అతని దగ్గరే. ప్రతివాడూ తన వెనకవాడి లైటు చూసుకుంటూ పోవాలి. లైటు కనిపించకపోతే మలుపు దాటాక కాస్త చదును చూసి ఆగిపోవాలి. వాడు ఆగితే వాడి లైటు కనిపించక ముందువాడూ ఆగుతాడు. అలా ఫోన్ సిగ్నల్ లేకపోయినా కాసేపట్లో అందరూ ఆగిపోతారు. దారి చీలిన చోట వెనకవాడు నిన్ను చూసి చెయ్యి ఊపేదాకా కదలకూడదు. హెల్మెట్‌లో పాటలు వద్దు, ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

మీ ఏడుగురూ కూర్చుని చివర ఎవరుంటారో ముందు తేల్చుకోండి. తర్వాత ఒక్కొక్కరి ఎత్తు, అనుభవం రాసి పెడితే ఎవరికి ఏ బైక్ బాగుంటుందో పేర్లతో సహా చెప్తాను.