సైకెడెలిక్స్ తీసుకుంటే మెదడులో వాడని భాగాలు మేల్కొంటాయా? స్కాన్లలో నిజంగా కనిపించేది ఏమిటి?

మీరు అడిగింది చూడటానికి ఒకటే ప్రశ్న, కానీ అందులో రెండున్నాయి. వాట్సాప్‌లో తిరిగే రెండు వృత్తాల బొమ్మలో ఎడమ పక్క మామూలు మెదడట, నాలుగైదు గీతలే ఉంటాయి. కుడి పక్క మష్రూమ్స్ తీసుకున్న మెదడట, నిండా గీతలే. అది చూసి మనం వాడని భాగాలు సైకెడెలిక్స్‌తో, అంటే భ్రమలు కలిగించే ఈ మందులతో, మేల్కొంటాయా అని అడిగారు. డిప్రెషన్‌లో ఉన్న మీ ఫ్రెండ్ అదే బొమ్మ చూపించి మష్రూమ్స్ కోసం కొడైకెనాల్ వెళ్లొస్తానంటున్నాడు, వాడికేం చెప్పాలి అన్నది రెండోది. దానికి జవాబు చివర్లో రాశాను. దయచేసి అంతవరకూ చదవండి.

ముందు సూటిగా చెప్పేస్తాను. మెదడులో వాడకుండా పడి ఉన్న భాగాలంటూ ఏవీ లేవు. నిద్రలో కూడా అన్నీ పనిచేస్తూనే ఉంటాయి. ఎల్ఎస్‌డీ, సైలోసిబిన్ (ఆ మష్రూమ్స్‌లో ఉండే మందు) లాంటివి మార్చేది ఆ భాగాలు ఒకదానితో ఒకటి కలిసి నడిచే తీరును. రోజూ కలిసికట్టుగా ఉండే భాగాల మధ్య పట్టు సడలుతుంది, పెద్దగా సంబంధం లేని భాగాల మధ్య రాకపోకలు పెరుగుతాయి. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు మెషిన్లతో చేసిన పరిశోధనల్లో ఎక్కువగా కనిపిస్తున్నది ఇదే.

నేను హైదరాబాద్‌లో కొన్నేళ్లు ఎమ్మారై టెక్నీషియన్‌గా పనిచేశాను. తర్వాత ఇంగ్లండ్‌లో బ్రెయిన్ ఇమేజింగ్‌లో మాస్టర్స్ చేస్తున్నప్పుడు థీసిస్ కోసం ఎల్ఎస్‌డీ స్కాన్ల డేటా మీద కూర్చున్నాను. ఈ మందులు నేనెప్పుడూ తీసుకోలేదు. కాబట్టి లోపల ఎలా ఉంటుందో నేను చెప్పలేను, స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో మాత్రం చెప్పగలను.

ఆ డేటా లండన్ ఇంపీరియల్ కాలేజీలో రాబిన్ కార్‌హార్ట్-హారిస్, డేవిడ్ నట్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనానిది. ఆరోగ్యంగా ఉన్న 20 మందికి ఒక రోజు 75 మైక్రోగ్రాముల ఎల్ఎస్‌డీ నరానికి ఎక్కించారు, ఇంకో రోజు వట్టి సెలైన్. వాళ్లంతా అంతకుముందు సైకెడెలిక్స్ అనుభవం ఉన్నవాళ్లే. మెషిన్‌లో కళ్లు మూసుకుని పడుకోవడమే వాళ్ల పని. మూడు విడతల స్కాన్‌లో నడిమి విడతలో సంగీతం వినిపించారు. ఆ స్కాన్లను ఓపెన్‌న్యూరో అనే సైట్‌లో ఎవరైనా దించుకునేలా పెట్టారు.

మేం చేసేది ఇది. మెదడును చిన్న చిన్న ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో ప్రాంతంలో సిగ్నల్ ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అని ఒక్కో గీత తీస్తాం. తర్వాత ఏ రెండు గీతలు కలిసి లేస్తున్నాయి, కలిసి దిగుతున్నాయి అని ప్రతి జతకూ లెక్క కట్టి, రంగుల గళ్లుగా తెర మీద పరుస్తాం. చూపుకు సంబంధించినవన్నీ ఒకచోట, కదలికలవి ఒకచోట, అలా వరసగా పేరుస్తాం. సెలైన్ రోజు ఆ పటం చూస్తే పై మూల నుంచి కింది మూలకు చిక్కటి ఎర్ర చతురస్రాలు మెట్లలా దిగుతాయి. అంటే ఏ జట్టుకు ఆ జట్టు లోపల గట్టిగా కలిసి ఉంది. జట్లకు బయటి గళ్లన్నీ చల్లటి నీలం. ఎల్ఎస్‌డీ రోజు పటం పక్కన పెడితే ఆ ఎరుపు వెలిసినట్టుంటుంది, చతురస్రాల అంచులు అలుక్కుపోతాయి, బయట నీలంగా ఉన్న గళ్లు పసుపుకు తిరుగుతాయి. అందరిలోనూ ఇంత కొట్టొచ్చినట్టు ఉండదు. కొందరి రెండు పటాలను పక్కపక్కన పెట్టి ఏది ఏ రోజుదో చెప్పమంటే చెప్పలేం. అందరి సగటు తీసినప్పుడు మాత్రం తేడా దాగదు.

ఆ బృందం చెప్పినవాటిలో నాకు బాగా ఆసక్తి కలిగించినవి రెండు. కళ్లు మూసుకుని ఉన్నా చూపును చూసుకునే ప్రాంతం మెదడులోని మిగతా చాలా భాగాలతో కలిసి నడిచింది. అది ఎంత ఎక్కువగా జరిగితే మనిషికి అన్ని ఎక్కువ దృశ్యాలు కనిపించాయి. రెండోది డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ సంగతి. పనేమీ లేకుండా కూర్చుని జరిగింది నెమరేసుకుంటూ, రేపటి గురించి టెన్షన్ పడుతూ, నేను, నావాళ్లు అనుకుంటూ ఉన్నప్పుడు చురుగ్గా ఉండే జట్టు అది. మార్కస్ రైకల్ బృందం 2001లో దానికి ఆ పేరు పెట్టింది. జ్ఞాపకాల ప్రాంతమైన హిప్పోక్యాంపస్ పక్కన ఉండే భాగానికీ ఈ జట్టుకూ మధ్య బంధం ఎవరిలో ఎక్కువగా సడలిందో, వాళ్లే 'నేను' అన్న భావన కరిగిపోయినట్టనిపించిందని ఎక్కువగా చెప్పారు.

ఇక మీరు పంపిన బొమ్మ. అది 2014లో గియోవన్ని పెట్రి బృందం ప్రచురించింది, సైలోసిబిన్ స్కాన్ల నుంచి తీసింది. అబద్ధపు బొమ్మ కాదు. కానీ అందులో గీతలు నరాలు కావు. ఒక గణిత పద్ధతిలో లెక్క కట్టి, ఫలానా స్థాయి దాటిన సంబంధాలను మాత్రమే గీశారు. ఎడమ వృత్తంలో గీతలు తక్కువున్నాయంటే మామూలు మెదడులో సంబంధాలు తక్కువని అర్థం కాదు, ఆ లెక్కకు అందినవి తక్కువ అని. కింద ఆ వివరణ లేకుండా బొమ్మ ఒక్కటే కత్తిరించి తిప్పడం నాకు బాధగా ఉంటుంది.

ఇదంతా ఎలా మొదలవుతుందంటే, ఈ మందులు మెదడు కణాల మీద ఉండే 5-హెచ్‌టీ2ఏ అనే రిసెప్టర్‌కు, అంటే సిరోటోనిన్ అనే మెదడు రసాయనం వచ్చి అంటుకునే చోటుకు, అంటుకుంటాయి. మెదడు పైపొరలో ఇవి దట్టంగా ఉంటాయి. ఇది ఊహ కాదనడానికి జ్యూరిక్ ప్రయోగాలున్నాయి. కెటాన్సెరిన్ అనే మందు ముందే ఇచ్చి ఆ రిసెప్టర్‌ను మూసేస్తే, ఆ తర్వాత సైలోసిబిన్ ఇచ్చినా భ్రమలు రాలేదని ఫ్రాంజ్ ఫోలెన్‌వైడర్ బృందం 1998లో చూపించింది. తర్వాత కాట్రిన్ ప్రెల్లర్ బృందం ఎల్ఎస్‌డీతోనూ అదే చూసింది, స్కాన్‌లో మార్పులు కూడా దాదాపు మాయమయ్యాయి. ఈ రంగంలో నేను పూర్తిగా నమ్మే ఫలితం ఏదంటే ఇదే అంటాను.

మెదడు పని పెరుగుతుందా, తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. 1997లో జ్యూరిక్‌లో సైలోసిబిన్ ఇచ్చి గ్లూకోజ్ వాడకం కొలిస్తే, ముఖ్యంగా నుదుటి వెనక భాగంలో, పెరిగింది. 2012లో ఇంపీరియల్ బృందం అదే మందు ఇచ్చి రక్తప్రసరణ కొలిస్తే తగ్గింది, అదీ డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్‌లోని ముఖ్యమైన చోట్ల. కొలిచింది వేరు, మోతాదు వేరు, ఇచ్చిన పద్ధతి వేరు. ఎక్కువ తక్కువల కన్నా లయ చెడటమే అసలు సంగతని నా అభిప్రాయం. కణాల అయస్కాంత సంకేతాలను నేరుగా పట్టే ఎమ్ఈజీ మెషిన్‌లో అది తెలుస్తుంది. కళ్లు మూసుకుంటే మెదడు వెనక భాగంలో ఆల్ఫా తరంగాలు బలంగా వస్తాయి, ఈ మందులు ఇస్తే అవి బాగా పడిపోతాయి. కోలాటంలో అందరి కర్రలూ ఒక్కసారి తగిలితే ఊరంతా వినిపిస్తుంది, ఎవరికి వారు కొడితే కర్రలు అన్నే ఉన్నా ఆ దెబ్బ వినపడదు. ఆల్ఫా తగ్గిందంటే కణాలు మానేశాయని కాదు, కలిసి కొట్టడం మానేశాయి.

ఈ లయ చెడటాన్ని అందరికన్నా జాగ్రత్తగా కొలిచింది సెయింట్ లూయీలోని వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్లని నేననుకుంటాను. 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. మనుషులు ఏడుగురే, కానీ ఒక్కొక్కరినీ మందుకు ముందు, మందు మీద, తర్వాత వారాల తరబడి మళ్లీ మళ్లీ స్కాన్ చేశారు. పోల్చడానికి సెలైన్ ఇవ్వలేదు, ఉత్తేజాన్నిచ్చే మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చారు. 25 మిల్లీగ్రాముల సైలోసిబిన్‌తో వచ్చిన మార్పు దానికి మూడు రెట్లు మించింది. మామూలుగా ఒకరి మెదడు పటం చూసి అది ఎవరిదో గుర్తుపట్టవచ్చు. ఆ కొన్ని గంటలు అందరి పటాలూ ఒకరివి ఒకరికి దగ్గరయ్యాయి, తమ సొంత మామూలు పటానికి దూరమయ్యాయి. బొమ్మలూ మాటలూ సరిచూసే చిన్న పని అప్పగిస్తే గందరగోళం కాస్త తగ్గింది. చాలావరకు మరునాటికి సర్దుకుంది, హిప్పోక్యాంపస్‌కూ డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్‌కూ మధ్య బంధం మాత్రం కొన్ని వారాలు తక్కువగానే ఉంది.

ఇక టెక్నీషియన్‌గా ఒక మాట. ఎమ్మారైలో తల కదలకూడదు. తలకు రెండు వైపులా స్పాంజి ప్యాడ్లు కుక్కి, చేతికి బెల్ ఇచ్చి, కదలకండమ్మా అని ఎంత చెప్పినా, లోపల ఆ చప్పుడుకు మనిషి బిగుసుకుంటాడు, మింగుతాడు, నిట్టూరుస్తాడు. మిల్లీమీటరులో సగం కదిలినా ఫంక్షనల్ స్కాన్‌లో దూరపు భాగాల మధ్య లేని సంబంధాలు పుడతాయి, ఉన్నవి చెడతాయి. ఎల్ఎస్‌డీ మీదున్న మనిషి ఎక్కువే కదులుతాడు. అందుకే ఇంపీరియల్ అధ్యయనంలో నలుగురి స్కాన్లు పక్కన పెట్టేశారు, ఇంకొకరు మధ్యలోనే బయటికి వచ్చేశారు, చివరికి లెక్కకు మిగిలింది 15 మంది. దానికితోడు ఈ స్కాన్ కొలిచేది రక్తంలో ఆక్సిజన్‌ను, కణాలను కాదు. సిరోటోనిన్ రక్తనాళాల మీద కూడా పనిచేస్తుంది, కాబట్టి మార్పులో ఎంత కణాలది, ఎంత నాళాలది అన్నది తేల్చడం కష్టం. పైగా తనకిచ్చింది సెలైనా ఎల్ఎస్‌డీనా అన్నది ఎవరికైనా గంటలో తెలిసిపోతుంది, కాబట్టి వాళ్లు ఆశించింది కూడా ఫలితంలో కలవొచ్చు. ఇవన్నీ తీసేసినా మార్పు ఉందనే నేను నమ్ముతాను, ఎమ్ఈజీలోనూ కనిపించింది కాబట్టి. ఎంత అన్నదాని మీదే జాగ్రత్తగా ఉంటాను.

మీ ఫ్రెండ్ విషయానికొద్దాం. వాడి ఆశ పూర్తిగా గాల్లోది కాదు. 2022లో 233 మంది మొండి డిప్రెషన్ రోగులతో చేసిన ట్రయల్‌లో 25 మిల్లీగ్రాముల సైలోసిబిన్ తీసుకున్నవాళ్లకు మూడు వారాలకు 1 మిల్లీగ్రామువాళ్ల కన్నా బాగా తగ్గింది. 12 వారాల దాకా ఆ మెరుగు నిలిచింది మాత్రం వాళ్లలో ఐదోవంతు మందికే. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్లు కూడా అన్ని గ్రూపుల్లో ఉన్నారు. అదీ మోతాదు కొలిచి, తర్ఫీదు పొందిన థెరపిస్టు పక్కనే ఉండగా. ఇలాంటి ట్రయల్స్‌లోకి సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలియని మానసిక జబ్బు) ఉన్నవాళ్లను, సాధారణంగా ఇంట్లోవాళ్లకు ఉన్నా, చేర్చుకోరు. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడుతూ సైకెడెలిక్స్ తీసుకున్నవాళ్లకు ఫిట్స్ వచ్చిన సంఘటనలున్నాయి. కొండ మీద ఎవరో పొట్లంలో ఇచ్చే మష్రూమ్స్‌లో మందు ఎంతుందో, అసలు అవి ఏ మష్రూమ్సో తెలియదు. మన దేశంలో సైలోసిబిన్, ఎల్ఎస్‌డీ రెండూ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) జాబితాలో ఉన్నాయి.

వాడు ఇప్పుడు ఏవైనా మాత్రలు వాడుతున్నాడేమో ముందు అడగండి. ఈ ట్రిప్ కోసం వాటిని ఉన్నట్టుండి ఆపనివ్వకండి, అది విడిగా ఇంకో ప్రమాదం. ఉన్న మందులు పనిచేయడం లేదంటే సైకియాట్రిస్టుకు అదే మాట చెప్పి, కొడైకెనాల్ ఆలోచన కూడా దాచకుండా చెప్పమనండి. మార్చి చూడటానికి వేరే మందులున్నాయి, వేరే చికిత్సలున్నాయి. డాక్టర్ దగ్గరికి రానంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416కు మీరే వాడి పక్కన కూర్చుని ఫోన్ చేయించండి. అది ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.