ఎడిసన్‌లో కారు తీయబోతున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పాత కారొకటి కొనుక్కున్నావనీ, లైసెన్సు చేతికి రాగానే న్యూజెర్సీ రాష్ట్రంలోని మీ ఎడిసన్ నుంచి ఆఫీసుకు ఒక్కదానివే నడుపుకుంటూ వెళ్తావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. అంబాజీపేట నుంచి అమలాపురం కాలేజీకి స్కూటీ మీద వెళ్తానంటే మీ నాన్న ఒప్పుకోక, చివరికి నేను వచ్చి పూచీ పడితేగాని తాళం ఇవ్వని రోజులు గుర్తొచ్చి, మొదట గర్వంగా అనిపించింది. రాత్రి పడుకున్నాక మాత్రం నేను అక్కడ ఉన్నప్పటి రోడ్లన్నీ కళ్ళ ముందు తిరగడం మొదలెట్టాయి. అందుకే తెల్లవారగానే ఈ ఉత్తరం.

నువ్వు పంపిన మెసేజీలో రెండు మాటలు నాకు నచ్చలేదు. ఒకటి, ‘మోటార్‌వే మీద వేగం చూస్తే కాస్త భయం’ అన్నది. రెండోది, ‘ఫోనే దారి చెబుతుందిగా మావయ్యా’ అన్నది. మోటార్‌వే ఇంగ్లండు వాళ్ళ మాట. బళ్ళో మనకు నేర్పిన ఇంగ్లీషు ఆ వైపుది కాబట్టి నోటికి అదే వస్తుంది. దానికి నేనేమీ అనను, కాని అమెరికాలో ఆ మాట రాసిన బోర్డు నీకు ఎక్కడా కనిపించదు. రెండో మాటే అసలు నా బెంగ. ఫోను చెప్పేది పేరు మాత్రమే. ర్యాంపు ఎక్కు, ఫోర్కు దగ్గర ఎడమకు ఉండు, మెర్జ్ అవ్వు అంటుంది. ఆ పేరు వెనక ఉన్న దారి ఆకారం, అక్కడ ఎవరు ఎటునుంచి వచ్చి నీ దారిలో కలుస్తారన్న సంగతి, నీ బుర్రలో ముందే ఉండాలి. అరవై మైళ్ళ వేగంలో బోర్డు కనబడి దాటిపోవడానికి రెప్పపాటు చాలు.

రూలు పుస్తకం చదువు, సీటు బెల్టు పెట్టుకో, ఇన్సూరెన్సు కాగితాలు కార్లోనే ఉంచు. ఇవి నీకు నేను చెప్పనక్కరలేదు.

ముందు పెద్ద రోడ్ల సంగతి. ఫ్రీవే అంటే డబ్బు కట్టనక్కరలేని దారి అని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. సిగ్నళ్ళూ, అడ్డంగా వచ్చే రోడ్లూ లేకుండా, ర్యాంపులనే పక్క వాలు దారుల మీదుగానే ఎక్కి దిగే దారి అని దాని అర్థం. మన 16వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరసలదైనా, రావులపాలెం దాటాక ఎక్కడో ఒకచోట డివైడరు మధ్య సందులోంచి ట్రాక్టరు అడ్డం వస్తుందేమోనని చూసుకుంటూనే నడుపుతాం. ఫ్రీవే మీద ఆ బెడద లేదు, అందుకే అక్కడ ఆ వేగం. టోలు వసూలు చేసే పెద్ద దారిని టర్న్‌పైక్ అంటారు. పూర్వం సుంకం కట్టేదాకా దారికి అడ్డంగా ఉండి, కట్టాక పక్కకు తిరిగే కర్ర నుంచి వచ్చిన పేరది. మీ దగ్గరున్న న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద కొంత మేర కార్లకు లోపలి వరసలు, లారీలూ బస్సులూ కార్లూ కలిసి వెళ్ళేందుకు బయటి వరసలు విడివిడిగా ఉంటాయి. బోర్డు చూసి కార్ల వైపే వెళ్ళు. పార్క్‌వే అంటే చెట్లూ పచ్చికా ఉండేలా వేసిన దారి. గార్డెన్ స్టేట్ పార్క్‌వే ఉత్తర భాగంలో పెద్ద లారీలను రానివ్వరు, కాబట్టి నీలాంటి కొత్తవాళ్ళకు అదే కాస్త నయం. పేరు పార్క్‌వే అయినా అక్కడా టోలు ఉంది సుమా. ఎక్స్‌ప్రెస్‌వే అన్న మాటను మాత్రం నమ్మకు, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం దారికి ఆ పేరు పెట్టారు. కొన్నిచోట్ల దాని మీద సిగ్నళ్ళు కూడా ఉంటాయి.

ఇంటర్‌స్టేట్‌లు, అంటే రాష్ట్రాలను కలిపే పెద్ద దారులు, 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన చట్టంతో దేశమంతటా వచ్చాయి. వాటి నంబర్లు ఊరికే పెట్టినవి కావు. బేసి సంఖ్య అయితే ఉత్తర దక్షిణాలుగా, సరి సంఖ్య అయితే తూర్పు పడమరలుగా పోతుంది. మన దేశంలో 2010లో నంబర్లు మార్చినప్పుడు సరిగ్గా దీనికి తలకిందులుగా పెట్టారు కనుక, 16 కోల్‌కతా నుంచి చెన్నైకి దిగుతుంది. ఆ అలవాటుతో అక్కడ దిక్కు పొరబడకు. మూడంకెల నంబరుకు మాత్రం మన ఊరి పోలికే పనికొస్తుంది. అమలాపురం మీదుగా పోయే 216 కత్తిపూడి దగ్గర 16ను విడిచి, కోస్తా వెంట తిరిగి, ఒంగోలు దగ్గర మళ్ళీ 16నే కలుస్తుంది కదా. నువ్వు రోజూ చూసే ఇంటర్‌స్టేట్ 287 కూడా ఎడిసన్‌లో ఇంటర్‌స్టేట్ 95 దగ్గర మొదలై, న్యూయార్కు నగరం చుట్టూ తిరిగి వెళ్ళి, అవతల మళ్ళీ 95లోనే కలుస్తుంది. మూడంకెల్లో మొదటి అంకె సరి సంఖ్య అయితే మామూలుగా ఇలా చుట్టి కలిసే దారి, బేసి అయితే ఊళ్ళోకి పోయి ఆగే పాయ. ఎగ్జిట్ నంబర్లు 287 మీదా, పార్క్‌వే మీదా మైళ్ళను బట్టి ఉంటాయి కాబట్టి, 10 దాటాక 12 వస్తే మధ్యది తప్పిపోయావని కంగారు పడకు. టర్న్‌పైక్ మీద మాత్రం వరసగానే వేశారు.

ఇప్పుడు కూడళ్ళ సంగతి. నేలమట్టాన రోడ్లు ఒకదాన్నొకటి కోసుకుంటే ఇంటర్‌సెక్షన్, ఒకదాని మీదుగా ఒకటి వంతెన మీద పోతూ ర్యాంపులతో కలిస్తే ఇంటర్‌చేంజ్. ఇంటర్‌చేంజ్‌లలో నువ్వు ఎక్కువగా చూసేవి డైమండ్, క్లోవర్‌లీఫ్. డైమండ్‌లో ర్యాంపు దిగగానే చిన్న రోడ్డు మీద సిగ్నలో, స్టాప్ బోర్డో ఉంటుంది. అక్కడ ఎడమకు తిరిగే హడావుడిలో, ఎదుటివాళ్ళు దిగివచ్చే ర్యాంపులోకి ఎక్కేసే ప్రమాదం ఉంది, పైగా నువ్వు ఎడమపక్క నడిపి పెరిగినదానివి. అది గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది. ర్యాంపు మీదా, మధ్యలో డివైడరు ఉన్న రోడ్డు మీదా, పసుపు గీత ఎప్పుడూ నీ ఎడమ చేతి వైపు, తెల్ల గీత కుడి వైపు ఉండాలి. పసుపు కుడి వైపు కనబడిందంటే ఎదురు వెళ్తున్నావన్నమాట. క్లోవర్‌లీఫ్ నాలుగు రేకులుగా ఉంటుంది. అమెరికాలో మొట్టమొదటిది 1929లో మీ పక్కనే ఉడ్‌బ్రిడ్జిలో కట్టారు. అందులో చిక్కేమిటంటే, రేకులోంచి ఎక్కి వచ్చేవాడూ, ముందున్న రేకులోకి దిగిపోయేవాడూ ఒకే చిన్న వరసలో అటూ ఇటూ మారాలి. అక్కడ పాటలు మార్చడం, ఫోను చూడడం ఏమీ వద్దు.

ఇవన్నీ ఒక ఎత్తు, జగ్‌హ్యాండిల్ ఒక ఎత్తు. న్యూజెర్సీలో విరివిగా కనిపించే ఈ కూడలి గురించి ఒక పాత సంగతి చెబుతాను, ఓపికగా చదువు.

నాతోపాటు గదిలో ఉండే పాలకొల్లు వైపు అబ్బాయి ఒకడుండేవాడు. మా అందరిలోకీ ఇంగ్లీషు ధాటిగా మాట్లాడేవాడు అతనే, కారు ముందుగా కొన్నదీ అతనే. చలికాలం, సాయంత్రం వాన, అప్పటికే చీకటి. బియ్యం బస్తా, కూరలూ వెనక వేసుకుని రూట్ 1 మీద వస్తున్నాం. మేము ఎడమకు తిరగాలి. కూడలికి ముందు తెల్ల పలక మీద నల్ల అక్షరాలతో ‘ఆల్ టర్న్స్ ఫ్రమ్ రైట్ లేన్’ అని, అంటే ఎటు తిరగాలన్నా కుడి వరసలోంచే అని ఉంది. అతను దాన్ని పైకి చదివాడు కూడా. చదివి, అది కుడికి తిరిగేవాళ్ళకు చెప్పిన మాట అనుకుని, ఎడమ చివరి వరసలోనే ఉండి, ఎడమ ఇండికేటరు వేసి, పచ్చ సిగ్నల్లో ఆగిపోయాడు. నేరుగా పోవలసిన వరస అది. వెనకవాళ్ళు హారన్లు మొదలెట్టారు. మన దగ్గర హారను అంటే ‘వస్తున్నాను’ అని చెప్పడం. అక్కడ హారను అంటే తిట్టడమే, ఆ సంగతి అప్పటికే మాకు తెలుసు. ఆ తిట్లకు కంగారుపడి, ఎదురుగా ఖాళీ ఉందో లేదో సరిగా చూడకుండా తిప్పేశాడు.

ఎదురుగా వస్తున్న లారీ దీపాలు నా వైపు కిటికీ నిండా పడ్డాయి. ఆ డ్రైవరు గట్టివాడు కాబట్టి, తడి రోడ్డు మీద బండిని పక్కకు ఒరగనీయకుండా ఆపగలిగాడు. మా బియ్యం బస్తా వెనక సీటు మీంచి జారి, నా సీటును దబ్బున గుద్దింది. ఎలాగో రోడ్డు దాటి ఒక దుకాణం ముందు కారు ఆపి, అతను ఇంజను కట్టేసి, స్టీరింగు వదలకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత అన్న మొదటి మాట, ‘బోర్డు చదివాను కదండీ, నేను తిరగాల్సింది ఎడమకి కదా’ అని. అప్పటికీ అతనికి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే, ఎడమకు పోవడానికి కుడి వరసలోకి వెళ్ళాలన్నది ఎంత ఇంగ్లీషు వచ్చినవాడికైనా ఆ మాటల్లోంచి తోచేది కాదు, కూడలి ఆకారం ముందు తెలిసి ఉండాలి.

మరుసటి ఆదివారం ఇద్దరం నడిచి ఆ కూడలికి వెళ్ళి, ఒక మూల నిలబడి చూశాం. ఎడమకు పోవలసిన కార్లన్నీ కుడి వరసలోంచి చిన్న ర్యాంపులోకి మళ్ళి, కూజా పిడిలా వంపు తిరిగి, అడ్డ రోడ్డు మీదికి వచ్చి, అక్కడ పచ్చ సిగ్నలు పడ్డాక రూట్ 1ను నేరుగా దాటి పోతున్నాయి. యూటర్ను కావలసినవాళ్ళూ అలాగే. పెద్ద రోడ్డు మీద ఎడమకు తిరగడానికి ఎవరూ అడ్డంగా ఆగనక్కరలేకుండా చేసిన ఏర్పాటది. కొన్నిచోట్ల ఆ ర్యాంపు కూడలికి ముందుంటుంది, కొన్నిచోట్ల కూడలి దాటాక ఉండి గుండ్రంగా తిప్పుకొస్తుంది. ఫోను ‘కుడికి’ అంటుంది, నీ ఆఫీసేమో ఎడమ పక్కన కనబడుతూ ఉంటుంది. అప్పుడు ఫోను తప్పు చెప్పిందనుకోకు. ఈ లారీ సంగతి మాత్రం మీ అమ్మకు చదివి వినిపించకు.

వెనక ఎవరు హారను కొట్టినా నీ చూపు ముందుకే ఉండనీ. చిన్నప్పటి నుంచీ ఎవరైనా గట్టిగా అంటే చాలు, కళ్ళలో నీళ్ళు తిరిగి చేతిలోది వదిలేసేదానివి. కోటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు సరంగు కసిరాడని చెప్పు నీళ్ళలో వదిలేసి వచ్చావు. దారి తప్పితే తప్పనీ. ఎగ్జిట్ దాటిపోతే తర్వాతి ఎగ్జిట్‌లో దిగి వెనక్కి రా. రోడ్డు అంచున ఉండే షోల్డరు మీద వెనక్కి నడపడం, ఎగ్జిట్ చీలేచోట గీతలు గీసిన త్రికోణం మీదుగా అడ్డంగా పోవడం చేయనని నాకు మాటివ్వాలి. పచ్చ బోర్డు అడుగున పసుపు పట్టీ మీద ‘ఎగ్జిట్ ఓన్లీ’ అని ఉంటే ఆ వరస దిగిపోయేదే. అక్కర లేకపోతే ముందుగానే ఎడమకు జరుగు.

నాలుగు పక్కలా స్టాప్ బోర్డులున్న కూడలిలో ముందొచ్చినవాడు ముందు పోతాడు, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడి పక్కవాడికి దారివ్వాలి. మన గడియార స్తంభం సెంటరులోలాగా ముందు చక్రం దూర్చినవాడిదే దారి అంటే అక్కడ కుదరదు. దారివ్వమని చెప్పే యీల్డ్ త్రికోణం బోర్డు దగ్గర ఎవరూ రాకపోతే ఆగనక్కరలేదు. రౌండబౌట్‌లో లోపల తిరుగుతున్నవాడికి దారి, కాని న్యూజెర్సీలోని పాత సర్కిళ్ళు ఒక పద్ధతిలో ఉండవు. ఎక్కేచోట ఉన్న బోర్డేది చెబితే అదే. ఎర్ర సిగ్నలు మీద పూర్తిగా ఆగి, వద్దన్న బోర్డు లేకపోతే కుడికి తిరగవచ్చు. న్యూయార్కు నగరంలోకి వెళ్తే మాత్రం, తిరగవచ్చన్న బోర్డు ఉంటేనే.

ఇంకొన్ని మాటలు మార్చుకోవాలి. మన డివైడరు అక్కడ మీడియన్, ఫ్లైఓవరు ఓవర్‌పాస్, స్లిప్ రోడ్డు ర్యాంపు, డైవర్షను డీటూర్, జీబ్రా క్రాసింగు క్రాస్‌వాక్, ఫుట్‌పాత్ సైడ్‌వాక్. పేవ్‌మెంట్ అంటే ఇంగ్లండులో నడిచే గట్టు, అమెరికాలో బండ్లు పోయే తారు రోడ్డే. ఈ ఒక్కటీ పొరబడితే ప్రమాదం.

మొదటి రోజు ఒంటరిగా బయలుదేరకు. ఆదివారం ఉదయం, లైసెన్సు ఉండి దారి తెలిసిన స్నేహితురాలి పక్కన కూర్చుని, ఇంటి నుంచి ఆఫీసు దాకా వెళ్ళి రా. ఏ రోడ్డు ఎక్కుతావు, ఏ నంబరు ఎగ్జిట్‌లో దిగుతావు, ఎక్కడ జగ్‌హ్యాండిల్ ఉంది, ఎక్కడ సర్కిలు ఉంది అన్నీ వరసగా ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి నాకు పంపు. తిరుగు దారి వేరే కాగితం మీద రాయి, ఎందుకంటే వెళ్ళేటప్పుడు దిగిన చోటే వచ్చేటప్పుడు ఎక్కే ర్యాంపు ఉంటుందని నమ్మకం లేదు. చూసి ఫోను చేస్తాను. నీకు అక్కడ రాత్రయినా సరే, ఎత్తు.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ మావయ్య